యువతుల నిరుద్యోగము: లెక్క కెక్కినవారు, లెక్క కెక్కనివారు

ఒక దేశపు సంపదను కొలుచుటకు పూర్వులు ధాన్యరాసులను, పశుగణములను, కోశాగారములను లెక్కించిరి. నేటి ప్రభుత్వములు వానితోపాటు మరియొక సంఖ్యను గూడ లెక్కించుచున్నవి. పని చేయగోరియు పని దొరకక యున్నవారు నూటికెందరు అనునదియే ఆ సంఖ్య. అందులోను 15 మొదలు 29 ఏండ్ల వరకు వయసు గల యువతులలో నిరుద్యోగులెందరు అను లెక్కను ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రత్యేకముగా పరిశీలింతురు. దానికి కారణము లేకపోలేదు. పని తగ్గినపుడు యజమాని పాతవారిని వెంటనే తొలగింపడు. క్రొత్తవారిని చేర్చుకొనుట మొదట మానును. క్రొత్తగా వచ్చువారిలోను స్త్రీలకు పిలుపు మరింత ఆలస్యముగా వచ్చును. చెరువులో నీరు తగ్గిన సంగతి తూము దగ్గరి పొలముకంటె ఆయకట్టు చివరి మడికి ముందుగా తెలియును. యువతుల నిరుద్యోగ సంఖ్య అట్టి చివరి మడి వంటిది.

అయితే చివరి మడిలో పైరెండినదా యని అడుగుటకు ముందు అందు నాటు వేసిరా లేదా యని తెలిసికొనవలెను. నాటు వేయని మడిలో ఎండుటకు పైరే యుండదు. అట్లే, తనకు పని కావలెనని పైకి చెప్పని యువతి నిరుద్యోగుల లెక్కలో చేరదు. ఆమె యెందుచేత చెప్పలేదను ప్రశ్న ఆ సంఖ్యలో లేదు. సంఖ్య తక్కువగా నున్నప్పుడు పని సమృద్ధిగా నున్నదని పాలకులు సంతోషింపవచ్చును. పని దొరుకునను ఆశయే నశించి యువతులు ఇంటిపట్టున నుండిపోయినను ఆ సంఖ్య తక్కువగానే యుండును. ఈ లెక్క యెట్లు పుట్టినది, ఎవరిని చేర్చుకొన్నది, ఎవరిని విడిచినది అను చరిత్ర తెలిసినగాని దానిని సరిగా చదువుట సాధ్యము కాదు.

కౌటిల్యుని సూత్రాధ్యక్షుడు

స్త్రీలకు పని కల్పించు విధానమును వివరముగా చెప్పిన ప్రాచీన గ్రంథములలో కౌటిల్యుని అర్థశాస్త్రము ముఖ్యమైనది. చిరకాలము పేరు మాత్రమే వినబడుచుండిన ఈ గ్రంథమును మైసూరునందలి ఆర్. శామశాస్త్రిగారు తాళపత్రముల నుండి పరిష్కరించి 1909లో ప్రకటించిరి. అందలి రెండవ అధికరణమున, ఇరువదిమూడవ అధ్యాయమున సూత్రాధ్యక్షుడను అధికారి ప్రస్తావన కలదు. సూత్రమనగా నూలు. నూలు, కవచములు, వస్త్రములు, త్రాళ్లు చేయించుట ఆయన విధి. ఉన్ని, నార, ప్రత్తి, జనుము మొదలగువానిని వడుకుటకు విధవలను, అంగవైకల్యము గల స్త్రీలను, కన్యలను, సన్న్యాసినులను, వృద్ధులైన రాజదాసీలను, దేవాలయసేవ మానిన దేవదాసీలను నియోగింపవలెనని అందు చెప్పబడినది. నూలు సన్నదనమును, ముతకదనమును, పరిమాణమును బట్టి కూలి నిర్ణయింపబడును.

ఇంతవరకు ఇది రాజుగారి కర్మాగారమునకు సంబంధించిన కట్టుబాటు మాత్రమే. దాని తరువాతి మాట విశేషమైనది. ఇల్లు వెడలని స్త్రీలు, భర్త దూరదేశమున నున్నవారు, విధవలు, అంగవికలలు, కన్యలు తమ్ము తాము పోషించుకొనవలసిన వారైనచో, సూత్రాధ్యక్షుడు తన దాసీజనమును వారి యొద్దకు పంపి, మర్యాదతో పని చేయింపవలెను. తామే సూత్రశాలకు వచ్చువారు తెల్లవారుజామున నూలు అప్పగించి కూలి పుచ్చుకొందురు. నూలు పరీక్షించుటకు చాలినంత దీపము మాత్రమే అక్కడ నుండవలెను. అధికారి స్త్రీ మొగమును చూచినను, పనికి సంబంధింపని మాటలాడినను పూర్వసాహసదండము. కూలి ఇచ్చుటలో కాలము దాటించినచో మధ్యమసాహసదండము. అనగా మొగము చూచినదానికంటె కూలి ఆలసించినదానికి శిక్ష యెక్కువ.

ఈ వ్యవస్థ కేవలము దయాధర్మములతో ఏర్పడినది కాదు. రాజ్యమునకు నూలు కావలెను. అగ్గువకు వడుకువారు కావలెను. కూలి పుచ్చుకొని పని చేయని స్త్రీకి బొటనవ్రేలు, చూపుడువ్రేలు సంబంధించిన క్రూరశిక్ష కూడ అదే అధ్యాయమున గలదు. ఐనను లెక్క వ్రాయువాని దృష్టితో చూచినచో కౌటిల్యుడు ఒక మేలు చేసెను. పని కొరకు తామే వచ్చు స్త్రీలు వేరు, పని అవసరమైయుండియు ఇల్లు వెడలని స్త్రీలు వేరు అని ఆయన గుర్తించెను. గుర్తించి, రెండవవారిని లెక్క నుండి తొలగింపలేదు. వారి యింటికి పనిని పంపెను. నేటి నిరుద్యోగ గణన చరిత్ర యంతయు ఈ రెండవ తెగ స్త్రీలను మరల కనుగొనుటకు జరిగిన ప్రయత్నమే యనవచ్చును.

రాట్నము నిలిచిన కాలము

రాట్నము నడచినంతకాలము ఇల్లు వెడలని స్త్రీకి పని ఇంటిలోనే యుండెను. ఈస్టిండియా కంపెనీ పక్షమున ఫ్రాన్సిస్ బుకానన్ 1811-12లో పాట్నా, బీహారు జిల్లాలను పరిశీలించి, అచట నూలు వడుకు స్త్రీలు 3,30,426 మంది యని వ్రాసెను. వారిలో పెక్కుమంది మధ్యాహ్నము వేళ కొలదిగంటలు మాత్రమే వడుకుచుండిరి. సంవత్సరమునకు వారందరు వడికిన నూలు విలువ రూ. 23,67,277, దానికి పట్టిన దూది విలువ రూ. 12,86,272, మిగిలిన లాభము రూ. 10,81,005. తలకు మూడుంపావు రూపాయలు. మొత్తము స్వల్పమే. కాని ఇంటిపని తీరిన పిమ్మట మిగిలిన గంటలలో, గడప దాటకుండ, స్త్రీ తన చేతితో సంపాదించిన సొమ్మది. రమేశచంద్ర దత్తుగారు 1902లో ప్రకటించిన ఆర్థికచరిత్రలో ఈ లెక్కలను ఉదాహరించిరి.

ఇంగ్లండు మరనూలు వచ్చిన పిమ్మట ఆ సొమ్మేమైనదో చెప్పు సాక్ష్యము ఒకటి నిలిచియున్నది. 1828లో శ్రీరాంపురమునుండి వెలువడుచుండిన ‘సమాచార దర్పణము’ అను వంగపత్రికలో నూలు వడుకు స్త్రీ యొకతె వ్రాసిన లేఖ ప్రకటింపబడెను. ఆమె ఇరువది రెండేండ్ల ప్రాయమున ముగ్గురు కుమార్తెలతో విధవయయ్యెను. కుటుంబము పస్తుండు స్థితిలో రాట్నము పట్టెను. సాలెవారు ఇంటివద్దకే వచ్చి నూలు కొని, అడిగినచో బయానా సొమ్ము కూడ ఇచ్చుచుండిరి. ఆ ఆదాయముతో కుమార్తెల పెండ్లిండ్లు జరిపించెను. పిమ్మట కొన్నియేండ్లకు సాలెవారు వచ్చుట మానిరి. తన నూలు సంతకు పంపినను పూర్వపు ధరలో నాల్గవవంతైనను రాకపోయెను. కారణమేమని విచారింపగా విలాయతి నూలు దిగుచున్నదని తెలిసెను.

ఆ లేఖ వ్రాసిన స్త్రీని నేటి భాషలో నిరుద్యోగి యనవలెను. కాని ఆమె యే కార్యాలయమునకు పోయి పేరు వ్రాయించుకొనలేదు. అట్టి కార్యాలయము నాడు లేదు. ఆమె వంటి లక్షలాది స్త్రీలు ఒక్కొక్కరుగా రాట్నమును అటకపై పెట్టి, వంటయింటి పనిలో మునిగిపోయిరి. సాలెవాని మగ్గము నిలిచిపోయినచో వీధిలో తెలియును. రాట్నము నిలిచినచో ఆ యింటివారికి దప్ప తెలియదు. ఆంధ్రదేశమున శ్రీకాకుళము ప్రాంతపు పొందూరులో, వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వి సన్ననూలు వడుకు స్త్రీల విద్య ఖద్దరు ఉద్యమము ఆశ్రయమిచ్చుటచే నిలిచినది. అట్టి ఆశ్రయము దొరకని యూళ్లు అనేకము.

జనాభా లెక్కలలో స్త్రీ

భారతదేశమంతట ఒకే కాలమున జనాభా లెక్కలు తీయుట 1881లో మొదలయ్యెను. అప్పటినుండి పదియేండ్ల కొకసారి ప్రతి మనిషి వృత్తియు వ్రాయబడుచు వచ్చెను. గ్రామములలో ఈ లెక్కలు వ్రాసినవారిలో కరణములును, ఉపాధ్యాయులును పెక్కుమంది. వారు ఇంటి యజమానిని అడుగుదురు. యజమాని తన వృత్తి చెప్పును. కుమారుల వృత్తి చెప్పును. కోడలి సంగతి అడిగినచో, “ఆడదానికి వృత్తి యేమిటి? ఇంటిలోనే యుండును” అనును. ఆ కోడలు తెల్లవారకముందే పాలు పితికి, ప్రొద్దెక్కిన పిమ్మట కలుపు తీసి, సాయంకాలము వడ్లు దంచినను కాగితముపై ఆమెకు పని లేదు.

లెక్క వ్రాయించిన ప్రభుత్వమునకును స్థిరమైన నియమము లేకపోయెను. 1931లో జనులను సంపాదనపరులు, పనిచేయు ఆశ్రితులు, పనిచేయని ఆశ్రితులు అని విభజించిరి. 1951లో స్వయంపోషకులు, సంపాదించు ఆశ్రితులు, సంపాదింపని ఆశ్రితులు అని మార్చిరి. 1961లో సంపాదనను విడిచి పనిని పట్టుకొనిరి. సేద్యము వంటి ఋతుకార్యములలో ఆ ఋతువున అధికభాగము దినమునకు ఒక గంటకు మించి క్రమముగా పని చేసిన మనిషి పనివారిలో చేరును. కూలి పుచ్చుకొనకుండ ఇంటి పొలములో పని చేసిన స్త్రీయు ఇట్లు లెక్క కెక్కెను. 1971లో ప్రశ్న మరల మారెను. ప్రధానముగా ఏమి చేయుదువని అడిగిరి. పొలమునకు పోవు స్త్రీయు “ఇంటిపని” అని చెప్పినచో ఆమె మొదటి లెక్కలో పనివారిలో చేరకపోయెను.

ఫలితము ఆశ్చర్యకరము. 1961లో పనిచేయు స్త్రీలు ఇంచుమించు 6 కోట్లు. 1971లో 3 కోట్ల పైచిలుకు మాత్రమే. పదియేండ్లలో దేశమున స్త్రీల సంఖ్య పెరిగెను. పనిచేయు స్త్రీల సంఖ్య సగమైనట్లు కాగితము చెప్పెను. కరవు వచ్చియు, యుద్ధము వచ్చియు మూడుకోట్లమంది స్త్రీలు పని విడిచిరా? లేదు. అధికభాగము ప్రశ్న మారుటచే జరిగిన మార్పు. 1971లో ప్రభుత్వము నియమించిన స్త్రీల స్థితి పరిశీలన సంఘమునకు ఫూల్‌రేణు గుహగారు అధ్యక్షురాలు. వీణా మజుందారుగారు సభ్యకార్యదర్శి. ఆ సంఘము 1974లో సమర్పించిన నివేదిక స్త్రీల పని తరుగుటను గూర్చి దేశమును హెచ్చరించెను. దాని పిమ్మట స్త్రీల పనిని లెక్కించు పద్ధతులపై పరిశోధన బలపడెను. 1991 జనాభా లెక్కల ప్రశ్నలో “సొంత పొలమున, కుటుంబ వ్యాపారమున కూలి లేకుండ చేసిన పనియు” అను అర్థమిచ్చు మాటలు చేర్చుట ఆ పరిశోధన ఫలితములలో నొకటి.

పని లేనివారి లెక్క

పనివారిని లెక్కించుటయే ఇంత కష్టమైనచో పని లేనివారిని లెక్కించుట మరింత కష్టము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో, సైన్యము నుండి తిరిగివచ్చినవారికి పని చూపుటకు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు ఏర్పడెను. 1948 నుండి అవి అందరికిని తెరువబడెను. అచట పేరు వ్రాయించుకొన్నవారి జాబితాయే చాలకాలము నిరుద్యోగమునకు కొలబద్దగా చూపబడెను. కాని ఆ జాబితాలో చేరుటకు చదువు, పట్టణమునకు పోవు దారి, బండి ఖర్చు, తోడు, తండ్రి లేక భర్త అనుమతి ఉండవలెను. పల్లెలోని యువతికి ఈ యైదింటిలో ఎన్ని యుండును? జాబితాలో ఆమె పేరు లేకపోవుట ఆమెకు పని అక్కరలేదనుటకు సాక్ష్యము కాదు.

1950లో ఆరంభమైన జాతీయ శాంపిల్ సర్వే ఇంటింటికి పోయి ప్రశ్నించు పద్ధతి తెచ్చెను. నిరుద్యోగమును కొలుచు విధమును నిర్ణయించుటకు ఏర్పడిన దంత్‌వాలా సంఘము 1970లో నివేదిక నిచ్చెను. ఒకే మనిషి యేడాది పొడుగున సామాన్యముగా ఏమి చేసెను, గడచిన వారములో ఏమి చేసెను, దినదినము ఏమి చేసెను అను మూడు తీరుల లెక్క 1972-73 సర్వే నుండి అమలులోనికి వచ్చెను. అంతర్జాతీయ కార్మికసంస్థ పక్షమున 1982లో జరిగిన గణాంకశాస్త్రజ్ఞుల సమావేశము నిరుద్యోగికి మూడు లక్షణములు చెప్పెను: చేతిలో పని లేకుండుట, పనికి సిద్ధముగా నుండుట, పని వెదకుచుండుట. భారతదేశపు సర్వే కొంత ఉదారమైనది. పని వెదకినను, వెదకక సిద్ధముగా మాత్రమే యున్నను నిరుద్యోగిగా అంగీకరించును.

సర్వే పుస్తకములలో ప్రతి మనిషికి ఒక అంకె వేయుదురు. పని లేక, పనికై వెదకుచున్న లేక సిద్ధముగా నున్న మనిషికి 81. ఇంటిపనులు మాత్రమే చేయు స్త్రీకి 92. ఇంటిపనులతో పాటు కట్టెలు, పశుగ్రాసము సేకరించుట, కుట్టుపని, నేత మొదలగునవి ఇంటి అవసరమునకు చేయునామెకు 93. నిరుద్యోగుల సంఖ్యలో 81 చేరును. 92, 93 చేరవు. ఒక యువతి సంగతి అడిగినపుడు “ఏదైనను పని దొరికినచో చేయును” అని తల్లి చెప్పినచో 81. “ఇంటిలో సాయముగా నున్నది” అని తండ్రి చెప్పినచో 92. యువతి యొక్కతెయే. ఆమె నిరుద్యోగి యగుటయు, కాకుండుటయు ఎవరు తలుపు తీసిరో, ఏమి జవాబు చెప్పిరో దానిపై ఆధారపడియుండును.

సంఖ్య చెప్పునది, చెప్పనిది

ఊహాత్మకమైన ఒక గ్రామమున నూరుగురు యువతులున్నారనుకొందము. వారిలో 18 మంది పని చేయుచున్నారు; ఇద్దరు పని వెదకుచున్నారు; తక్కిన 80 మంది ఇంటనున్నారు. నిరుద్యోగ శాతము కట్టునది నూటికి కాదు. పని చేయువారిని, వెదకువారిని కలిపిన ఇరువదికి. అందుచే నిరుద్యోగము నూటికి 10. పిమ్మట ఆ గ్రామమునకు ఉన్నతపాఠశాల వచ్చెను, బస్సు వచ్చెను. కొన్నియేండ్లకు 20 మందికి పని దొరికినది. మరి పదిమంది చదువు ముగించి పని వెదకుచున్నారు. ఇప్పుడు ఇద్దరికి ఎక్కువగా పని దొరికినను నిరుద్యోగము నూటికి 33 అయినది. ఇంకొక గ్రామమున వెదకి వేసారిన ఇద్దరును వెదకుట మానిరి. అచట నిరుద్యోగము సున్న. ఏ గ్రామము మెరుగు?

ఇది కేవలము పలకపై లెక్క కాదు. 2017లో ఆరంభమైన నియతకాలిక శ్రామికశక్తి సర్వే ప్రకారము 2023-24లో 15 మొదలు 29 ఏండ్ల యువజనులలో నిరుద్యోగము రాష్ట్రములన్నిటిలోను కేరళమున అత్యధికము, నూటికి 29.9. అందులో యువకులకు 19.3, యువతులకు 47.1. మధ్యప్రదేశమున యువజనుల నిరుద్యోగము అన్నిటికంటె తక్కువ, నూటికి 2.6. ఈ సంఖ్యలను మాత్రమే చూచినవాడు కేరళపు యువతి మధ్యప్రదేశపు యువతికంటె దురదృష్టవంతురాలని తీర్మానించును. కాని కేరళమున బాలికల విద్య తరతరములుగా సాగినది. చదివిన యువతి తన చదువునకు తగిన పని దొరకువరకు వేచియుండును. పని కావలెనని గట్టిగా చెప్పును. చదువు స్వల్పమైన చోట యువతి పదునైదేండ్లకే ఇంటి సేద్యములో కూలి లేకుండ పాటుపడును. సర్వే నియమము ప్రకారము ఆమె పనిలో నున్నట్లే. ఆమె చేతికి రూపాయి రాకపోయినను ఆమె నిరుద్యోగి కాదు.

అట్లని కేరళపు సంఖ్య సంతోషింపదగినదని కాదు. ఇద్దరు యువతులలో దాదాపు ఒకతెకు పని చూపలేని విపణి తన యువతుల చదువునకు బాకీపడినది. ఆ బాకీ పుస్తకములో కనబడుచున్నది. మరియొక చోట బాకీ పుస్తకమునకే యెక్కలేదు. బాకీ వ్రాసియున్నచో వసూలుకైనను దారి యుండును.

స్త్రీలందరి లెక్కయు ఈ జాగ్రత్తతోనే చదువదగినది. 2017-18లో 15 ఏండ్లు దాటిన స్త్రీలలో శ్రామికశక్తిలో నున్నవారు నూటికి 23.3. 2023-24 నాటికి వారు 41.7. అదే కాలమున స్త్రీల నిరుద్యోగము 5.6 నుండి 3.2కు దిగెను. మెట్టుకు మెట్టు మేలే కనబడుచున్నది. అయితే పల్లెలలో పనిచేయు స్త్రీలలో స్వయంఉపాధి గలవారు 57.7 నుండి 73.5కు పెరిగిరి. స్వయంఉపాధి యను శీర్షిక క్రింద సొంత దుకాణము నడుపు స్త్రీయు కలదు. కుటుంబపు పొలములో జీతము లేకుండ సాయపడు స్త్రీయు కలదు. పని పెరిగినదా, పనిని చూచు కన్ను పెరిగినదా, ఇంటి ఇబ్బందిచే స్త్రీలు సేద్యములోనికి నెట్టబడిరా అను విషయమున పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఈ మూడును కొంతకొంత నిజమైయుండవచ్చును.

ఇల్లు వెడలని స్త్రీ మరల కనబడుట

ఇంటిపని యను అంకె వెనుక నున్న స్త్రీలను శాంపిల్ సర్వే ఒక సంగతి ప్రత్యేకముగా అడిగెను: “మీ యింటివద్దనే పని చూపినచో చేయుదురా?” 2011-12 సర్వేలో సామాన్యముగా ఇంటిపనులలో నున్న స్త్రీలలో పల్లెలందు నూటికి 34 మంది, పట్టణములందు 28 మంది చేయుదుమని చెప్పిరి. ఏ పని కోరుదురని అడుగగా, అన్నిటికంటె ఎక్కువగా కోరబడినది కుట్టుపని. కౌటిల్యుని నాటి నూలుపోగు ఇంతకాలమునకు మరల చేతికి దొరికినది. మూడింట ఒకవంతు స్త్రీలు పని కోరుచున్నారు. కాని ఇల్లు విడువలేరు. మొదటి ప్రశ్నకు వారు నిరుద్యోగులు కారు. రెండవ ప్రశ్నకు పని కోరువారు.

వారు ఇల్లు విడువలేకపోవుటకు సోమరితనము కారణము కాదు. 2024 కాలవినియోగ సర్వే ప్రకారము జీతము లేని ఇంటిపనులకు స్త్రీలు దినమునకు 289 నిమిషములు వెచ్చించుచున్నారు. ఆ పనులలో పాల్గొను పురుషులు 88 నిమిషములు. ఇంచుమించు అయిదుగంటలు ఇంటికి ధారపోసిన యువతి పదిమైళ్ల దూరపు పనికి ఎట్లు పోగలదు?

పనియే దగ్గరకు వచ్చినచో ఏమగునో చూపిన ఉదాహరణము ఆంధ్రదేశముననే ఆరంభమయ్యెను. 2005లో చేసిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా నార్పల మండలము బండ్లపల్లిలో అమలులోనికి వచ్చెను. నివాసమునకు 5 కిలోమీటర్లలో పని చూపవలెనని, స్త్రీపురుషులకు సమానమైన కూలి యని, పని పొందువారిలో మూడవవంతైనను స్త్రీలుండవలెనని, పసిబిడ్డలను చూచుటకు పనిచోట నొకరిని నియమింపవలెనని, పదునైదు దినములలో కూలి చెల్లింపవలెనని, ఆలసించినచో పరిహారమీయవలెనని ఆ చట్టము విధించెను. కూలికి కాలము దాటించిన అధికారికి కౌటిల్యుడు విధించిన దండము ఇక్కడ పరిహార రూపమున మరల కనబడినది. కూలి ఆలస్యమైన సందర్భములు లేకపోలేదు. ఐనను మూడవవంతు స్త్రీలని చట్టము కోరగా, తరువాతి యేండ్లలో పెక్కింట దేశమంతటి పనిదినములలో సగమునకు మించి స్త్రీలవే యయ్యెను. అంతకు ముందటి దినమున వారిలో ఎందరో ఇంటిపని యను అంకె క్రింద నుండిరి. పని అక్కరలేదని వారెన్నడును చెప్పలేదు. అడిగినవారు లేకుండిరి.

ఇట్లు చూడగా ఒక నియమము తేలుచున్నది. యువతుల నిరుద్యోగ సంఖ్యను ఒంటరిగా చదువరాదు. దాని ప్రక్కన మరి రెండు సంఖ్యలు ఉండవలెను: యువతులలో ఎందరు పనిలోనో, వెదకుటలోనో యున్నారు, ఇంట నున్నవారిలో ఎందరు పని దగ్గర నున్నచో చేయుదురు. పూర్వపు గ్రామలెక్కలలో అడంగలు వ్రాయునపుడు సాగుభూమిని మాత్రమే వ్రాసి బీడును విడిచిపెట్టుట లేదు. ఏ సర్వే నంబరు బీడుగా నున్నదో ఆ వివరమును గూడ వ్రాసిరి. భూమికి చూపిన శ్రద్ధ మనిషికి చూపుట అధికము కాదు.

గ్రంథాలయోద్యమ చరిత్రలోను ఇదే పాఠము కలదు. చదువరులు రాలేదని పాతూరి నాగభూషణంగారు తలుపు మూసికొనలేదు. 1935లో కృష్ణకాలువపై పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ పడవలో పుస్తకములు పంపిరి. రేవు దగ్గరకు పుస్తకము వచ్చిన పిమ్మట చదువరులు లేరను మాట నిలువలేదు. నేడు గ్రంథాలయములలో ఉద్యోగ ప్రకటనల బల్ల యొద్ద యువకులు కూర్చుందురు. సంతకముల పుస్తకములో వారి పేర్లుండును. ఆ పుస్తకములో యువతుల సంతకములు తక్కువైనచో, వారికి చదువు మీదను, పని మీదను ఆసక్తి లేదని తీర్మానించుటకు ముందు తెలిసికొనవలసినవి కొన్ని గలవు. వారికి తీరిక యెప్పుడు, దారి యెట్టిది, కూర్చుండుటకు చోటు గలదా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన గ్రామమున సంతకములు పెరుగును. కొంతకాలము నిరుద్యోగుల సంఖ్యయు పెరుగవచ్చును. దానికి భయపడనక్కరలేదు. ఇంతకాలము లెక్కకు రానివారు లెక్కకు వచ్చిరని సంతోషించి, వారికి పని చూపు ప్రయత్నము నాటినుండియే మొదలుపెట్టవలెను.